నేను నొక్కందే తిరగదు

బస్సు చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కాక గానీ వరప్రసాదరావుకి ఫోను చచ్చిందని తెలియలేదు. తెలిశాక కూడా ఆయన కంగారు పడలేదు. కొన్నాళ్ళుగా అది రోజూ చస్తూనే ఉంది. పొద్దున నిండా చార్జింగు పెట్టి జేబులో వేసుకుంటాడు, అన్నాలవేళకి గుండెల మీద వెచ్చగా తగిలి, ఆ మీదట చల్లారి ఊరుకుంటుంది. కంపెనీవాళ్ళు పాత మోడలని వదిలేసిన ఫోను అది. పారేసి కొత్తది కొనుక్కోమని ఇంట్లో అందరూ పోరుతుంటే, జగ్గయ్యపేటలో ఉండే మేనల్లుడు సతీష్‌బాబు మాత్రం, "గుండ్రాయిలాంటి ఫోను మావయ్యా, దీనికేం పోయేకాలం" అని లోపలున్న కంపెనీ సరుకంతా తుడిచేసి, ఎవరో కుర్రాళ్ళు కలిసి ఊరికే తయారుచేసి పెట్టిన వేరే సిస్టమ్ ఎక్కించి ఇచ్చాడు. దాంతో ఫోనుకి వయసు తగ్గింది. ఆకలి మాత్రం పడుచువాళ్ళ ఆకలై కూర్చుంది.

ఒళ్ళో పురుగుమందు డబ్బాల సంచీ సర్దుకుంటూ, పోతే పోయింది వెధవ ఫోను అనుకున్నాడు. ముందు సీట్లో ఇద్దరు రైతులు మిరపతోటల సంగతి మాట్లాడుకుంటున్నారు.

"మీకు కరెంటు ఎప్పుడిస్తన్నారు?"

"ఈ వారమంతా రెండింటికే. లైను పనులంట గదా. రెండు కొట్టేసరికి ఠంచనుగా వస్తంది."

రెండింటికి అన్న మాట చెవిన పడగానే ప్రసాదరావు చెయ్యి సంచీ మీద ఆగిపోయింది.

సోమవారం నాడు, పొలంలో మోటారుని ఫోన్లోంచి నడిపే యాప్‌లో, రోజూ రెండింటికి మోటారు వెయ్యమని తనే టైము పెట్టాడు. పెట్టి మర్చిపోయాడు. ఫోన్లో టైము పెట్టుకునేది మర్చిపోవడానికే గదా. ఇవాళ పొద్దున, పొలంలో పనిచేసే నెహెమ్యాకి బావి దగ్గర పని అప్పజెప్పి, పురుగుమందుల కోసం జగ్గయ్యపేట బయల్దేరాడు. బావిలో దిగువన, రాతి గట్టు మీద మోటారు ఉంటుంది. దాని కేబులు జాయింటు కాలిపోయింది. కాలిన ముక్క కోసేసి, కొత్త వైరు కలిపి, టేపు చుట్టాలి. తడి రాయి మీద ఉత్తకాళ్ళతో నిలబడి చెయ్యాల్సిన పని.

"మజ్జెలో కరెంటొస్తే ఎట్టాగండీ బాబుగారూ?" అని నెహెమ్యా అడగనే అడిగాడు.

"వస్తే రానీ. స్టార్టరుకి చెప్పాల్సింది నా ఫోనేగా. నేను నొక్కందే తిరగదు. నిమ్మళంగా చేసుకో" అని తనే చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు.

ప్రసాదరావు పక్కనున్నాయన చేతి గడియారం కేసి చూశాడు. ఒంటిగంట దాటింది.

ఫోను తీసి బటను నొక్కాడు. నల్లగా తన మొహమే కనపడింది. బొటనవేలి గోరు తెల్లబడేదాకా మళ్ళీ నొక్కాడు. ఆ టైము ఎక్కడ ఉంటుందో, ఫోన్లో ఉంటుందో స్టార్టరు పెట్టెలో ఉంటుందో ఆయనకు తెలియదు. పెట్టెలోనే అయి ఉంటుందనుకున్నాడు. పెట్టెలో ఒక సిమ్ము ఉంది, అది మెసేజీ తీసుకుని టక్‌మని స్విచ్చి వేస్తుంది. ఫోను చచ్చినా పెట్టె చావదు. కరెంటు రాగానే అది తన పని తాను చేసుకుపోతుంది. ఫోను బతికితేనే దాన్ని వద్దని ఆపగలడు.

"ఒకసారి మీ ఫోనిస్తారా? అర్జెంటు" అని పక్కాయన్ని అడిగాడు. పక్కాయన పాపం మారుమాట్లాడకుండా ఇచ్చాడు.

ఇచ్చాడు సరే, ఎవరికి చెయ్యాలి? నెహెమ్యా నంబరు నోటికి రాదు. పదిహేనేళ్ళుగా తన పొలంలో పనిచేస్తున్న మనిషి నంబరు ఆయన ఏనాడూ వేలితో కొట్టింది లేదు, పేరు చూసి నొక్కడమే. భార్య నంబరు పోయినేడు మారింది. పాతది నోటికొచ్చు, కొత్తది రాదు. సతీష్‌బాబుది రెండంకెల దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన్ని ఒక్కణ్ణీ అనేదేముంది లెండి, ఈ రోజుల్లో నంబర్లు ఎవరికి గుర్తుంటున్నాయి?

ఒక్క నంబరు మాత్రం గడగడా వచ్చేసింది. వేలు దానంతటదే పది అంకెలూ కొట్టింది. పచ్చ బటను మీదికి వెళ్ళబోతుంటే ప్రసాదరావు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అది మోటారు నంబరు. ఏరి కోరి తీసుకున్న ఫ్యాన్సీ నంబరు. యాప్ రాకముందు రోజూ రెండు పూటలా దానికి రింగిచ్చేవాడు. రింగు వెళ్తే స్టార్టరు పడి మోటారు తిరిగేది. ఆ తర్వాత ఆయన ఫోను నుంచి తప్ప ఇంకెవరు చేసినా పడకుండా సతీష్‌బాబు కట్టడి చేస్తానన్నాడు. చేశాడో లేదో ప్రసాదరావు అడగలేదు.

ఆ అంకెలు ఒక్కొక్కటే చెరిపేసి ఫోను తిరిగిచ్చేశాడు.

"కలవలేదాండీ?"

"లేదు."

లేచి డ్రైవరు దగ్గరికి వెళ్ళి కాస్త తొందరగా పోనివ్వమన్నాడు. "ఇది ఆర్డినరీ బస్సండి. చెయ్యెత్తినోళ్ళందరికీ ఆపాల్సిందే" అన్నాడు కండక్టరు, నవ్వుతూనే. బస్సు ఆగింది. గోనెసంచీతో ఒక ముసలమ్మ ఎక్కింది. సంచీ ముందు ఎక్కించాలా, తను ముందు ఎక్కాలా అని కాసేపు ఆలోచించి మరీ ఎక్కింది. ప్రసాదరావుకి ఆవిణ్ణి రెక్కపట్టుకుని లోపలికి లాగెయ్యాలనిపించింది.

కూర్చోబోతుంటే ప్యాంటు జేబులో తొడకి ఏదో గుచ్చుకుంది. చెయ్యి పెట్టి చూస్తే తాళంచెవి.

అది స్టార్టరు పెట్టె తాళంచెవి. వెనక ఎప్పుడు బావిలో దిగాల్సొచ్చినా నెహెమ్యా ముందు పెట్టె తెరిచి, మూడు ఫ్యూజులూ పీకి, లుంగీ మడతలో దోపుకుని దిగేవాడు. ఫ్యూజులు మనిషి ఒంటి మీద ఉంటే దేవుడు దిగొచ్చినా కరెంటు పారదు. పోయిన ఎండాకాలం ఆ చుట్టుపక్కల ఎవరో ఫ్యూజులు ఎత్తుకుపోతున్నారని ప్రసాదరావు పెట్టెకి తాళం వేశాడు. ఎవరో అంటే ఎవరని ఆయన పైకి అనలేదు. నెహెమ్యాకి మాత్రం చెవి ఇవ్వలేదు. నెహెమ్యా అడగనూ లేదు. పొద్దున దిగబోయే ముందు ఒక్కసారి ఆ తాళం కేసి చూశాడు, అంతే. ఆ చూపు ఇప్పుడు బస్సులో కూర్చుంటే కనపడింది.

నందిగామలో దిగేసరికి రెండు కావస్తోంది. చందర్లపాడు రోడ్డు మీద ఆటోలు జనం నిండితే గానీ కదలవు. తమ ఊరి రత్నబాబు ఆటో ఖాళీగా కనపడితే ఎక్కేసి, "అన్ని సీట్లూ నావే, పోనీ" అన్నాడు. రత్నబాబు ఆయన వాలకం చూసి బేరం ఆడలేదు. ముందర చార్జింగు తీగ వేలాడుతోంది. ప్రసాదరావుకి దేవుణ్ణి చూసినట్టయింది.

"ఇది పెట్టు, ఇది పెట్టు ముందు."

రత్నబాబు ఫోనందుకుని తీగ తగిలించాడు. ప్రసాదరావు ముందుకు వంగి, డ్రైవరు భుజం మీదుగా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఖాళీ బ్యాటరీ బొమ్మ వచ్చింది. అడుగున ఎర్ర గీత. ఎర్ర గీత అలాగే ఉంది. ఎండకి రోడ్డు మెరుస్తోంది. రావే, లేవే అని గొణుక్కుంటూ మధ్యమధ్యలో చెయ్యి చాచి బటను నొక్కుతున్నాడు. లేచినట్టే లేచి, సున్నాలాంటి గుండ్రని గీత ఒకటి తిరిగి, మళ్ళీ నల్లబడింది.

"చార్జింగు ఎక్కేలోపే తాగేస్తందండీ ఇది" అన్నాడు రత్నబాబు.

"నువ్వు రోడ్డు చూడు నాయనా."

మలుపు తిరగ్గానే కుడిచేతి పొలంలో నీళ్ళు కనపడ్డాయి. పక్క రైతు బోరు గొట్టంలోంచి తెల్లగా, లావుగా దూకుతున్నాయి. కరెంటు వచ్చేసింది.

ప్రసాదరావుకి ఏడుపొచ్చింది. నెహెమ్యా భార్య రత్నమణి కళ్ళ ముందు మెదిలింది. ఏం చెప్తాడు ఆమెకి? నేను పేటలో ఉన్నానని చెప్తాడా? నేను నొక్కలేదని చెప్తాడా? ఆటో పొలం దారి దగ్గర ఆగేసరికి ఫోన్లో ఆ గుండ్రని గీత ఇంకోసారి మొదలైంది. తీగ పీకి, ఫోను చొక్కా జేబులో పడేసుకుని, డబ్బాల సంచీ ఆటోలోనే వదిలేసి, మిరపచాళ్ళకి అడ్డంపడి పరిగెత్తాడు. ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. పరిగెత్తి ఎన్నేళ్ళయిందో.

బావి దగ్గర అలికిడి లేదు. స్టార్టరు పెట్టె తాళానికి నెహెమ్యా చొక్కా తగిలించి ఉంది. గట్టు మీద చెప్పుల జత, పక్కన మూతపెట్టిన సద్దిగిన్నె.

"నెహెమ్యా!"

బావిలోంచి తన గొంతే తిరిగొచ్చింది. ఒరలోకి తొంగిచూడాలంటే భయం వేసింది. కళ్ళు మూసుకుని మళ్ళీ పిలిచాడు.

"ఆఁ" అని అడుగునుంచి వినపడింది. "వచ్చారాండీ? ఒక్క వైరు మిగిలిందండి. మూడిట్లో రెండు కలిపేసా."

"పైకి రా."

"అయిపోవచ్చిందండి, టేపు చుట్టేసి..."

"పైకి రా ముందు. చెప్తున్నానా? వచ్చెయ్."

నెహెమ్యా వైరు కొసలు రాతి మీద పెట్టి, ఏదో తప్పు చేసినవాడిలా గబగబా మెట్లెక్కాడు. ఒరలోంచి పొడుచుకొచ్చిన రాతిమెట్లు, ఒక్కో దానిమీదా ఒక్క పాదమే పడుతుంది. పైమెట్టు మీదికి వచ్చేసరికి ప్రసాదరావు అతని రెక్క పట్టుకుని గట్టు మీదికి లాగాడు. అతన్ని ఆయన ముట్టుకోవడం ఎప్పుడన్నా జరిగిందో లేదో. ఇద్దరూ కింద చతికిలబడ్డారు.

"ఏందండీ, ఏమయింది? అమ్మగారు బాగున్నారా?"

ప్రసాదరావుకి ఊపిరి అందటం లేదు. బాగానే ఉన్నారన్నట్టు చెయ్యి ఊపాడు. బతికాడు, బతికే ఉన్నాడు అని లోపల అనుకుంటున్నాడు. అంతలో చొక్కా జేబులో ఫోను ఒణికింది. చిన్న పాట వాయించింది. కొత్త సిస్టమ్ లేచినప్పుడల్లా వాయించే పాటే. ఆ పాట ఆగిందో లేదో, చొక్కా వేలాడుతున్న పెట్టెలో టక్‌మంది.

బావి అడుగున, తడి రాతి మీద, నీలంగా ఒక రవ్వ ఎగిరింది. చిటచిటమంది. ఇంకోటి ఎగిరింది. కాలిన వాసన నెమ్మదిగా పైకొచ్చింది.

ఇద్దరూ తొంగి చూస్తూ ఉండిపోయారు. ఇప్పటిదాకా నెహెమ్యా పాదాలు ఆ రాతి మీదే ఉన్నాయి. తడి పాదాల గుర్తులు కూడా ఇంకా ఆరలేదు.

ప్రసాదరావు లేచి, చొక్కా తీసి, తాళం తీయబోతే చెవి రంధ్రంలో దూరలేదు. నెహెమ్యా వచ్చి ఆయన చేతిలోంచి చెవి తీసుకుని, తెరిచి, మెయిను దించి, ఫ్యూజులు మూడూ పీకి, అలవాటు ప్రకారం లుంగీలో దోపుకున్నాడు.

"ఎవరేసారండీ?" అన్నాడు అప్పుడు. పెద్దగా కూడా అనలేదు.

"లైనులో తేడా" అన్నాడు ప్రసాదరావు. "కరెంటోళ్ళు... రెండింటికి ఎక్కువ లోడు వదిలారంట. పేటలో తెలిసింది. అందుకే పరిగెత్తుకొచ్చా."

నెహెమ్యా ఆయన చొక్కా జేబు కేసి చూశాడు. తర్వాత పెట్టె కేసి చూశాడు.

"అట్టాగా" అన్నాడు. చొక్కా తొడుక్కుని, మళ్ళీ దిగి ఆ మిగిలిన వైరు కలిపి వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ప్రసాదరావు పేట వెళ్ళి సతీష్‌బాబు ముందు ఫోను పెట్టాడు. ఏం జరిగిందో చెప్పలేదు. మోటారు టైము ఫోన్లో ఉంటుందా, పెట్టెలో ఉంటుందా అని మాత్రం అడిగాడు.

"ఫోన్లోనే మావయ్యా. నీది చవక పెట్టె, దానికంత బుర్రెక్కడిది? టైముకి ఫోనే లేచి మెసేజీ పంపుద్ది."

"ఆ టైముకి ఫోను చచ్చిపోయుంటే?"

"లేచాక పంపుద్ది. బాకీ ఉంచుకోదు. లేచి, టవరు దొరగ్గానే మొదటి పని అదే." సతీష్‌బాబు ఫోను వెనక్కీ ముందుకీ తిప్పాడు. "బ్యాటరీ తినేది కూడా ఆ యాపే. కంపెనీ ఫోన్లలో అన్ని యాప్‌లకీ కలిపి ఒకడే కబుర్లు మోసేవాడుంటాడు. ఇందులో వాణ్ణి తీసేసాం గదా, అందుకని ఏ యాప్‌కి ఆ యాప్ తలుపు దగ్గర కాపలా కూర్చుంటది. మోటారు యాప్‌నైతే అసలు నిద్రపోవద్దని నేనే చెప్పా, టైము తప్పకూడదని. కావాలంటే తీసేస్తా. మధ్యాన్నానికి చచ్చిపోకుండా ఉంటది."

ప్రసాదరావుకి ఆటోలో వేలాడుతున్న చార్జింగు తీగే కనపడుతోంది. ఫోను చచ్చి ఉన్నంతసేపూ నెహెమ్యా బతికే ఉన్నాడు. దాన్ని లేపాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్నది తను. లేవే, లేవే అని దాని నెత్తిన బటను నొక్కిందీ తనే. రత్నబాబు ఆటోలో ఇంకాస్త మంచి తీగ ఉండి ఉంటే, ఆ గుండ్రని గీత నల్లబడకుండా ఒక్కసారి ముందే పూర్తయి ఉంటే, తను దార్లో ఉండగానే ఆ పెట్టె టక్‌మనేది. మేనల్లుడు మంచినీళ్ళిస్తే గ్లాసు పళ్ళకి కొట్టుకుంది.

"ఏంటి మావయ్యా, జొరమా?"

"ఆ యాప్ తీసెయ్. మొత్తం తీసెయ్" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఊళ్ళో కథ వేరేగా నడుస్తోంది. ప్రసాదరావుగారు పేట నుంచి ఆటో కట్టించుకుని, పడుతూ లేస్తూ వచ్చి నెహెమ్యాని చావులోంచి లాగారంట. సంచీ తిరిగి ఇవ్వడానికొచ్చిన రత్నబాబు, ఆయన మొహం ఎలా ఉందో చూసినవాణ్ణి నేనేనంటూ దానికి ఇంకొంచెం రంగు పూశాడు. పాలకేంద్రం దగ్గర ఇద్దరు ముగ్గురు ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఒక్కొక్కరు మెచ్చుకుంటుంటే ఆయనకు ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంది. ఈ మెచ్చుకోలు వెనకే అసలు సంగతి నడిచొస్తుందని భయం. స్టార్టరు ఎట్టా పడిందని ఎవడన్నా ఒక్కడు అడిగితే చాలు. అడుగుతాడేమోనని ప్రతివాడి నోటికేసీ చూస్తూ, వాళ్ళు చెప్పే మాటలు సగం వినేవాడు కాదు. అన్నం సయించలేదు. ఫోను ఎవరిది మోగినా ఉలిక్కిపడేవాడు.

శనివారం సాయంత్రం రత్నమణి వచ్చి, వాకిట్లో మెట్టు కింద నిలబడింది.

"రేపు చర్చిలో మా ఆయన సాక్ష్యం చెప్తన్నాడండి. దేవుడు చేసిన మేలు నలుగుర్లో చెప్పుకోవాల గదా. మిమ్మల్ని కూడా రమ్మని పాస్టరుగారు చెప్పమన్నారు."

"నేనెందుకులే అమ్మా."

"మీరు రాకపోతే ఎట్టాగండీ? మీ గురించే గదా" అంది రత్నమణి. ఆమె మొహంలో సంతోషం ఉందో ఏముందో ఆయనకు తెలియలేదు. వంచిన తల ఆమె ఎత్తలేదు.

ఆదివారం వెళ్ళాడు. వెళ్ళకపోతే అనుమానిస్తారని వెళ్ళాడు. కాలనీలో ఉన్న ఆ చర్చి ముందునుంచి వెయ్యిసార్లు పోయి ఉంటాడు గానీ, లోపలికి రావడం అదే మొదలు. చాపల మీద జనం కూర్చుంటే, ఆయనకు మాత్రం ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నెహెమ్యా ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు ముందుకొచ్చాడు. బావిలో దిగిన సంగతీ, బాబుగారు కేకేసిన సంగతీ, పైకి రాగానే రాతి మీద రవ్వలెగిరిన సంగతీ చెప్పాడు. "దేవుడు బాబుగారి రూపంలో వచ్చి నన్ను పిలిచాడు" అన్నాడు. స్తోత్రం, స్తోత్రం అన్నారు జనం. చెప్పినంతసేపూ నెహెమ్యా ఆయన వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

పాస్టరు డేవిడ్‌రాజు నవ్వుతూ మైకు ఆయన చేతిలో పెట్టాడు. "రెండు మాటలు చెప్పండి సార్."

ప్రసాదరావు లేచాడు. అందరూ తలలెత్తి చూస్తున్నారు. మోయలేడు, ఇక తన వల్ల కాదు.

"లైనులో తేడా కాదు" అన్నాడు. మైకులో ఆయన గొంతు ఆయనకే పరాయిగా ఉంది. "ఆ కరెంటు వేసింది నా ఫోను. నేనే టైము పెట్టి మర్చిపోయా. పెట్టెకి తాళం వేసింది కూడా నేనే. నేను కాపాడలేదు. నా వల్లే చావబోయాడు."

డేవిడ్‌రాజు మెల్లగా మైకు తీసుకుని, మనుషులం, అందరం పొరపాట్లు చేసేవాళ్ళమే అని ఏదో అని, పాట ఎత్తుకున్నాడు. డప్పు అందుకుంది. కుర్చీలో కూలబడిన ప్రసాదరావుకి ఒళ్ళంతా తేలికైపోయింది. కళ్ళు తుడుచుకున్నాడు. ఎన్ని రోజులకో ఆకలేసింది.

ప్రార్థన అయ్యాక బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే రత్నమణి వచ్చింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"ఎందుకు చెప్పారండీ?"

"నిజం చెప్పాలిగా అమ్మా. మీకు తెలియకుండా..."

"మాకు ఆ రోజే తెలుసు. ఇంటికి రాగానే చెప్పాడు నాకు. జేబులో ఫోను మోగిందంట, స్టార్టరు పడిందంట. రెండూ ఒక్కసారే. అది అర్థం కానోళ్ళమా?"

"మరి సాక్ష్యంలో అట్టా..."

"ఇంకెట్టా చెప్పాలండీ? మీ వల్ల చావబోయాడని చెప్తే రేపట్నుంచి పన్లోకి ఎవరు పిలుస్తారు? మీరు పరిగెత్తుకొచ్చింది నిజమే గదా. ఆ ముక్క పట్టుకుని, మిగతాది మింగేసి ఊరుకున్నాం. ఆయన రెండు రోజులు కూర్చుని నేర్చుకున్నాడు ఆ నాలుగు మాటలూ, ఎక్కడా మీ పేరుకి మచ్చ రాకుండా." ఆమె గొంతులో ఉన్నది కోపం కాదు. "మీరు చెప్పేసుకున్నారు, తేలిగ్గా పోతారు. సాయంత్రానికి మీ వాళ్ళు ఏమంటారు? పెద్దాయన్ని పిలిపించుకుని, నలుగుర్లో నిలబెట్టి ఒప్పించారంటారు. దాని ఎనకాల ఇంకేదో అడగబోతన్నారంటారు. అప్పుడు మేం ఎవరికి చెప్పుకోవాల?"

ప్రసాదరావుకి తన ఒంటి మీదనుంచి దిగిన బరువు ఎక్కడికి పోయిందో కళ్ళెదురుగా కనపడుతోంది.

"రేపు ఆయన్ని పన్లోకి రమ్మంటారా, వద్దంటారా? అదొక్కటి చెప్పండి."

"రమ్మను" అన్నాడు ప్రసాదరావు. ఆమె కదల్లేదు. "రమ్మన్నానుగా అమ్మా" అని మళ్ళీ అన్నాడు.

రత్నమణి తల ఊపి, గోడ పక్కన నిలబడ్డ భర్త దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పింది. నెహెమ్యా అక్కడి నుంచే ఆయన వైపు తిరిగి, నడుం కొంచెం వంచి, రెండు చేతులూ జోడించాడు. పదిహేనేళ్ళుగా రోజూ పొద్దున్నే పొలం గట్టు మీద ప్రసాదరావు అందుకుంటున్న దణ్ణమే అది. మర్యాద అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అందులో ఉన్నది భయమని ఆయనకు ఇవాళ తెలిసింది.